అడవి పుట్టగొడుగులు: గుర్తుపట్టడం నుంచి వండటం దాకా, ఒక్కో మెట్టుగా

"ఫొటో పెడుతున్నాను, ఇది తినొచ్చా?" అని చాలామంది అడుగుతుంటారు. ఫొటో చూసి తినొచ్చని ఎవరు చెప్పినా నమ్మకండి. మట్టిలో దాగిన కాడ మొదలు ఫొటోలో కనపడదు. వాసన తెలియదు. స్పోర్ల (పుట్టగొడుగు నుంచి రాలే, విత్తనాల్లాంటి సన్నటి పొడి) రంగు అసలే తెలియదు. మంచిదో విషమో చాలాసార్లు తేల్చేవి ఈ మూడే.

అందుకే ఇక్కడ జాతుల పేర్ల కంటే పని చేసే క్రమం మీద ఎక్కువ రాస్తున్నాను. ఈ క్రమంలో ఏ ఒక్క మెట్టు దగ్గర అనుమానం వచ్చినా ఆ పుట్టగొడుగు వంటింట్లోకి రాకూడదు.

## 1. ముందుగా ఈ నమ్మకాలు వదిలేయండి

తినదగిన పుట్టగొడుగులన్నింటికీ వర్తించే చిట్కా ఒక్కటి కూడా లేదు. ఈ కింది మాటలన్నీ తప్పు:

- వెండి చెంచా, వెల్లుల్లి, బియ్యం నల్లబడితేనే విషం. (అత్యంత విషపూరితమైన వాటితో వండినా ఇవి రంగు మారవు.)
- పురుగులు, నత్తలు, జంతువులు తిన్నాయి కాబట్టి మనమూ తినొచ్చు. (వాటి శరీరం వేరు, మనది వేరు.)
- తెల్లగా ఉన్నవి మంచివి, రంగురంగులవి చెడ్డవి. (ప్రాణం తీసే వాటిలో కొన్ని పాలంత తెల్లగా ఉంటాయి.)
- రుచి, వాసన బాగుంటే విషం ఉండదు. (డెత్ క్యాప్ అనే ప్రాణం తీసే పుట్టగొడుగు తిని బతికి బయటపడ్డవాళ్లు రుచి బాగుందనే చెప్పారు.)
- పొట్టు తీసినా, ఉప్పునీళ్లలో ఉడికించి పారబోసినా, ఎండబెట్టినా విషం పోతుంది.

చివరిదాని దగ్గర కాస్త ఆగాలి. డెత్ క్యాప్‌లో ఉండే అమటాక్సిన్లు అనే విషాలు వేడికి విరగవు. ఉడకబెట్టినా, వేయించినా, ఎండబెట్టినా, ఫ్రీజర్‌లో పెట్టినా అలాగే ఉంటాయి. గుర్తుపట్టడంలో జరిగిన తప్పును వంట సరిచేయలేదు.

"ఏళ్లుగా తింటున్నాం, ఏమీ కాలేదు" అన్నది కూడా పూర్తి భరోసా కాదు. పాక్సిల్లస్ ఇన్వొల్యూటస్ అనే జాతిని యూరప్‌లో చాలాకాలం తిన్నారు. పదేపదే తిన్నవాళ్లలో కొందరి శరీరం ఒకరోజు దానికి ఎదురు తిరిగి ఎర్ర రక్తకణాలను తానే నాశనం చేసుకుంటుంది. జర్మనీకి చెందిన పుట్టగొడుగుల శాస్త్రవేత్త జూలియస్ షేఫర్ 1944లో ఈ జాతిని తిన్నాకే చనిపోయారు. అది ఏ జాతో ఆయనకు తెలియక జరిగింది కాదు. అది అంత ప్రమాదమని అప్పటికి ఎవరికీ తెలియదు.

## 2. తినేవాటి కంటే ముందు చంపేవాటిని నేర్చుకోండి

చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. నా ఉద్దేశంలో, ఈ కింది నాలుగు గుంపుల్ని బొమ్మల్లోనూ, వీలైతే తెలిసినవాళ్ల పక్కన నిలబడి నేల మీదా గుర్తుపట్టడం వచ్చేదాకా బుట్ట పట్టుకోకూడదు.

అమనిటా గుంపు. డెత్ క్యాప్, డిస్ట్రాయింగ్ ఏంజెల్ ఇందులోవే. ప్రపంచంలో పుట్టగొడుగుల విషంతో జరిగే మరణాల్లో ఎక్కువ భాగం డెత్ క్యాప్ వల్లనే. ఒక పెద్దమనిషి ప్రాణం తీయడానికి సగం టోపీ చాలు. గుర్తులు: టోపీ అడుగున తెల్లటి గిల్స్ (గొడుగు పుల్లల్లాంటి పల్చటి రేకులు), కాడ మీద పొరలాంటి ఉంగరం, కాడ మొదట్లో సంచి, తెల్లటి స్పోర్ ప్రింట్ (కాగితం మీద రాలిన స్పోర్ల ముద్ర, తీసే పద్ధతి 6వ మెట్టులో ఉంది). ఉంగరం రాలిపోవచ్చు, సంచి మట్టిలో ఉండిపోవచ్చు. కాబట్టి అవి కనపడలేదంటే లేవని కాదు.

గాలెరినా. కుళ్లిన చెక్క మీద మొలిచే చిన్న గోధుమరంగు పుట్టగొడుగు. ఇందులో ఉన్నదీ అదే అమటాక్సిన్. స్పోర్ ప్రింట్ తుప్పు రంగులో వస్తుంది.

చిన్న లెపియోటాలు. టోపీ మీద గోధుమ పొలుసులతో, అరచేతిలో నాలుగైదు పట్టేంత చిన్నగా ఉంటాయి. వీటిలో కొన్నింటిలో అమటాక్సిన్లు ఉన్నాయి. పొలుసులున్న చిన్న పుట్టగొడుగు ఏదైనా సరే వదిలేయండి.

కార్టినేరియస్‌లో కొన్ని. వీటిలోని ఒరెల్లనిన్ అనే విషం కిడ్నీలను దెబ్బతీస్తుంది. లక్షణాలు బయటపడటానికి రెండు మూడు రోజుల నుంచి మూడు వారాల దాకా పట్టొచ్చు. అప్పటికి ఏం తిన్నామో కూడా గుర్తుండదు.

ప్రాణం తీయకపోయినా చాలామందిని ఆసుపత్రి పాలు చేసేది ఇంకొకటుంది: క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటీస్. పచ్చిక మీద, తోటల్లో పెద్ద తెల్లటి గొడుగుల్లా వస్తుంది. చూడగానే కోయాలనిపిస్తుంది. లేతగా ఉన్నప్పుడు గిల్స్ తెల్లగా ఉండి, ముదిరాక ఆకుపచ్చకు తిరుగుతాయి. స్పోర్ ప్రింట్ కూడా ఆకుపచ్చే. తిన్న కొద్ది గంటల్లోనే విపరీతమైన వాంతులు, విరేచనాలు మొదలవుతాయి.

## 3. వెంట ఉండాల్సినవి

- గాలి ఆడే బుట్ట. ప్లాస్టిక్ కవర్ వద్దు, అందులో చెమర్చి గంటల్లోనే పాడవుతాయి.
- కాగితం సంచులు, ఒక్కో రకానికి ఒక్కోటి
- మొదలు తవ్వి తీయడానికి చాకు లేదా చిన్న పార
- మెత్తటి బ్రష్
- నోట్‌బుక్, పెన్సిల్, స్కేలు
- ఆ ప్రాంతపు జాతుల మీద శాస్త్రవేత్తలు రాసిన గైడ్ పుస్తకం

ఫోన్‌లోని యాప్‌ను నమ్ముకుని వెళ్లొద్దు. ఆస్ట్రేలియాలో 2023లో వచ్చిన ఒక పరిశోధనలో మూడు యాప్‌లను పరీక్షిస్తే, వాటిలో మెరుగైనది కూడా దాదాపు సగం నమూనాలనే సరిగ్గా చెప్పింది. పుస్తకంలో ఏ పేజీ తెరవాలో తెలుసుకోవడానికి యాప్ పనికొస్తుంది. తినాలా వద్దా అన్నది దాన్ని అడగకూడదు.

రోడ్డు పక్కన, ఫ్యాక్టరీల దగ్గర, చెత్త కుప్పల మీద, పురుగుమందు కొట్టిన చోట మొలిచినవి ఎంత మంచి జాతైనా వద్దు. పుట్టగొడుగులు నేలలోని సీసం, కాడ్మియం లాంటి లోహాలను పీల్చి పోగేసుకుంటాయి.

## 4. కోయొద్దు, మొదలంటా తవ్వి తీయండి

ఇంకా గుర్తుపట్టని పుట్టగొడుగును చాకుతో మట్టి పైభాగానికి కోస్తే, ప్రాణాలు కాపాడే గుర్తు నేలలోనే మిగిలిపోతుంది. అదే అమనిటా సంచి.

1. ముందు ఉన్నచోటే చూడండి. మట్టి మీదా, చెక్క మీదా, పేడ మీదా, చెదల పుట్ట మీదా? దగ్గర్లో ఏ చెట్లున్నాయి? ఒంటరిగా ఉందా, గుంపుగానా?
2. చుట్టూ మట్టి వదులు చేసి, మొదలు విరగకుండా కింది నుంచి పైకి తీయండి.
3. వీలైతే లేతది, విచ్చుకున్నది, ముదిరింది మూడూ తీసుకోండి. వయసుతో రంగు, ఆకారం బాగా మారతాయి.
4. ఒక్కో రకాన్ని వేరే కాగితం సంచిలో వేసి, దొరికిన చోటు, తేదీ రాయండి.

విషమున్న పుట్టగొడుగును చేత్తో పట్టుకుంటే ఏమీ కాదు, దాని గురించి టెన్షన్ వద్దు. అసలు ప్రమాదం కలగాపులగం చేయడంలో ఉంది. ఒకే బుట్టలో అన్నీ వేస్తే, విరిగిన ఒక డెత్ క్యాప్ ముక్క మంచివాటిలో కలిసిపోతుంది. అది జరిగిందన్న అనుమానం వస్తే బుట్టంతా పారేయాల్సిందే.

ఇంకా విచ్చుకోని గుడ్డు దశలో, మొగ్గ దశలో ఉన్నవాటిని తినడానికి తీయొద్దు. ఆ దశలో మంచివీ చెడ్డవీ ఒకేలా ఉంటాయి.

## 5. గుర్తుపట్టే క్రమం

ఇంటికొచ్చాక వెలుతురులో కాగితం పరిచి, ఒక్కోదాన్నీ ఇదే వరుసలో పరిశీలించండి. పుస్తకం తెరవకముందే చూసింది రాసుకోవాలి. పుస్తకం ముందు చూస్తే, అందులో ఉన్నదే మన చేతిలోనూ కనపడటం మొదలవుతుంది.

- టోపీ: వెడల్పు, రంగు, మధ్యలో మొన ఉందా, జిగటగా ఉందా పొడిగానా, పొలుసులున్నాయా, తుడిస్తే పోతున్నాయా
- టోపీ అడుగు: గొడుగు పుల్లల్లా విచ్చుకున్న పల్చటి గిల్స్ ఉన్నాయా, సన్నటి రంధ్రాలా, ముళ్లలాంటివా
- గిల్స్: రంగు ఏమిటి, కాడకు అంటుకున్నాయా, దూరంగా ఆగిపోయాయా, కాడ మీదికి జారాయా
- కాడ: ఉంగరం లేదా దాని చారిక, లోపల బోలా గట్టిదా, మొదట్లో సంచి, ఉబ్బు, వేరులాంటి తోక
- కోత: నిలువునా రెండుగా కోస్తే లోపలి రంగు, గాలి తగిలాక అది మారుతోందా, పాలు కారుతున్నాయా
- వాసన: పిండి, సోంపు, ఆసుపత్రి మందు, ఏది గుర్తొస్తే అది

తర్వాత పుస్తకంలోని వివరణతో పోల్చండి. పది గుర్తుల్లో తొమ్మిది కలిసి ఒకటి కలవకపోతే, అది ఆ జాతి కాదన్నట్టే లెక్క. "వానల వల్ల రంగు మారి ఉంటుందిలే" అని సర్దిచెప్పుకోవడం మొదలైందంటే అక్కడితో ఆపేయాలి.

## 6. స్పోర్ ప్రింట్ తీయడం

దీన్ని దాటేసేవాళ్లే ఎక్కువ. ఖర్చులేని పని, ఒక రాత్రి ఆగితే చాలు.

1. విచ్చుకున్న టోపీని కాడ నుంచి వేరుచేయండి.
2. సగం తెల్లటి, సగం నల్లటి కాగితం మీద గిల్స్ కిందికి వచ్చేలా బోర్లించండి. తెల్లటి స్పోర్లు తెల్ల కాగితం మీద కనపడవు, అందుకే రెండు రంగులు.
3. టోపీ ఎండినట్టుంటే పైన ఒక నీటిచుక్క వేసి, గిన్నె బోర్లించి కదపకుండా ఉంచండి.
4. నాలుగు నుంచి పన్నెండు గంటల తర్వాత టోపీ ఎత్తి, పగటి వెలుగులో రంగు చూడండి.

ఏమీ పడకపోతే: టోపీ మరీ లేతదో, మరీ ముదిరిందో, ఎండిపోయిందో అయి ఉంటుంది. ఇంకోదానితో మళ్లీ తీయండి. ప్రింట్ రాలేదు కదా అని ఆ మెట్టును వదిలేసి ముందుకెళ్లొద్దు.

గిల్స్ రంగు, స్పోర్ల రంగు ఒకటే కానక్కర్లేదు. లేత క్లోరోఫిల్లమ్ గిల్స్ తెల్లగానే ఉంటాయి, ప్రింట్ మాత్రం ఆకుపచ్చగా పడుతుంది.

## 7. తినేవాటిని వాటి పోలికలతో జంటగా నేర్చుకోండి

మొదట్లో రెండు మూడు జాతులు చాలు. ఒక్కోదాన్నీ "దీనిలా కనపడేది ఏది?" అన్న ప్రశ్నతో కలిపి నేర్చుకోవాలి. ఇవన్నీ అన్నిచోట్లా దొరకవు, మీ ప్రాంతంలో ఉన్నవాటినే పట్టించుకోండి.

వరిగడ్డి పుట్టగొడుగు (వాల్వేరియెల్లా) – డెత్ క్యాప్. అన్నిటికంటే ప్రమాదకరమైన జంట ఇదే. రెండింటికీ మొదట్లో సంచి ఉంటుంది. ఆసియా నుంచి వేరే ఖండాలకు వెళ్లినవాళ్లు చిన్నప్పటి నుంచి తిన్నదే అనుకుని డెత్ క్యాప్ తిని చనిపోయిన సంఘటనలున్నాయి. వాల్వేరియెల్లాకు ఉంగరం ఉండదు, ముదిరాక గిల్స్ గులాబీ రంగుకు వస్తాయి, ప్రింట్ గులాబీ. డెత్ క్యాప్ ప్రింట్ తెలుపు. కొత్తవాళ్లు అడవిలో సంచి ఉన్న దేన్నీ ముట్టకపోవడమే మంచిది.

చెదల పుట్ట మీద వచ్చేవి (టెర్మిటోమైసిస్) – క్లోరోఫిల్లమ్, అమనిటా. ఆసియా, ఆఫ్రికాల్లో దొరికే ఈ జాతుల్లో చాలావాటికి టోపీ మధ్యలో మొన, కాడ కింద పుట్టలోకి దిగే పొడవాటి వేరులాంటి తోక ఉంటాయి. ప్రింట్ లేత గులాబీ. మొదట్లో సంచి ఉండదు. పుట్ట పక్కన మొలిచిందల్లా ఇదే అనుకోకండి. తవ్వి ఆ తోకను కళ్లారా చూడాలి.

చెక్క మీద ఆయిస్టర్ – ఆంఫలోటస్, ఏంజెల్ వింగ్. ఆయిస్టర్‌కు గిల్స్ పొట్టి కాడ మీదికి జారి ఉంటాయి, ప్రింట్ తెలుపు లేదా లేత ఊదా. ఆంఫలోటస్ జాతులు కడుపును తీవ్రంగా తిప్పేస్తాయి. ఏంజెల్ వింగ్ పల్చగా, తెల్లగా, ఎక్కువగా పైన్ లాంటి సూదాకు చెట్ల మోడుల మీద వస్తుంది. జపాన్‌లో 2004లో దీన్ని తిన్న 17 మంది చనిపోయారు, వాళ్లలో చాలామంది కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు.

పఫ్‌బాల్ (బంతిలా గుండ్రంగా ఉండేది) – అమనిటా గుడ్డు, స్క్లెరోడెర్మా. ప్రతి ఒక్కదాన్నీ పై నుంచి కిందికి నిలువునా కోయాలి. లోపల అంతా ఒకే తెలుపుతో మెత్తగా ఉండాలి. టోపీ, కాడల ఆకారం లీలగా కనపడితే అది అమనిటా గుడ్డు. మందపాటి తోలుతో, లోపల ఊదా-నలుపు రంగుతో ఉంటే స్క్లెరోడెర్మా. పసుపుకు తిరిగినా పారేయండి. బుట్టలో నాలుగు కోసి మిగతావి అలాంటివేలే అనుకోవడం ఇక్కడ జరిగే మామూలు తప్పు.

మోరెల్ (తేనెతుట్టెలాంటి టోపీ ఉండేది) – గైరోమిత్ర. మోరెల్‌ను నిలువునా కోస్తే టోపీ కొన నుంచి కాడ దాకా ఒకే బోలు. గైరోమిత్ర టోపీ మెదడు మడతల్లా ఉంటుంది, లోపల అరలరలుగా ఉంటుంది. దాన్ని ఉడికిస్తే వచ్చే ఆవిరి కూడా హానికరం.

## 8. వంటకు ముందు చివరి ఏరివేత

వంటగట్టు మీద ఒక్కోదాన్నీ మళ్లీ చేతిలోకి తీసుకోండి. పదింటిని గుర్తుపట్టాం కదా అని పదకొండోదాన్ని చూడకుండా వేయొద్దు.

- మెత్తబడినవి, జిగురు పట్టినవి, బూజు పట్టినవి, చెడు వాసన వచ్చేవి తీసేయండి. మంచి జాతి కూడా కుళ్లితే కడుపు పాడుచేస్తుంది.
- పురుగు సొరంగాలు ఎక్కువుంటే పారేయండి.
- మట్టిని బ్రష్‌తో దులిపి, వండే ముందే త్వరగా కడగండి. నానబెట్టొద్దు.
- వండనివి రెండు మూడు, మొదలుతో సహా, కాగితంలో చుట్టి తేదీ రాసి ఫ్రిజ్‌లో పక్కన పెట్టండి. స్పోర్ ప్రింట్ కాగితం, ఫొటోలు కూడా నెలరోజులు దాచండి. ఎందుకో చివర్లో తెలుస్తుంది.

## 9. వండటం

అడవి పుట్టగొడుగును పచ్చిగా గానీ సగం ఉడికించి గానీ తినకూడదు. మంచి జాతుల్లోనూ వేడికి మాత్రమే పోయే పదార్థాలుంటాయి. అమెరికాలోని మోంటానాలో 2023లో ఒక రెస్టారెంట్‌లో పచ్చివి, సరిగా ఉడకనివి మోరెల్స్ తిని 51 మంది జబ్బుపడ్డారు, ఇద్దరు చనిపోయారు. మోరెల్ అడవిలో దొరికినా, సాగు చేసినా ఇదే నియమం.

1. అన్నీ ఒకే మందంలో, అర సెంటీమీటరుకు మించకుండా కోయండి. పెద్ద ముక్కలు పైన మాడి లోపల పచ్చిగా ఉంటాయి.
2. వెడల్పు పాన్‌లో నూనె లేకుండా, కాస్త ఉప్పు వేసి మధ్యస్థ మంట మీద పెట్టండి. ఐదారు నిమిషాల్లో నీళ్లు వదులుతాయి.
3. ఆ నీళ్లలోనే ముక్కలు ఉడకనివ్వండి. నీళ్లు పూర్తిగా ఇగిరాకే నూనె వేయండి.
4. అంచులు బంగారు రంగుకు వచ్చేదాకా వేయించండి. మొత్తం మీద కనీసం 15 నుంచి 20 నిమిషాలు పట్టాలి.
5. మసాలాలు, మిగతా కూరగాయలు ఆ తర్వాతే. మొదటిసారి ఉప్పుతోనే వండండి, అసలు రుచి తెలుస్తుంది.

నీళ్లలో ఈదుతున్నాయా? పాన్ నిండా కుక్కారు. రెండు విడతలుగా వేయండి. రబ్బరులా ఉన్నాయా? నీళ్లు ఇగరకముందే దింపేశారు, ఇంకా ఉంచండి. చేదుగా ఉందా? ఉమ్మేసి వంటంతా పారేయండి. మసాలాతో కప్పిపుచ్చొద్దు.

కొన్ని జాతులను ముందు నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోసి, అప్పుడు వేయించాలి. హనీ మష్రూమ్ అలాంటిది. మీ జాతి గురించి పుస్తకం అలా చెబితే ఆ పని తప్పనిసరి.

## 10. మొదటిసారి తినేటప్పుడు

- ఒక పూటకు ఒకే జాతి
- రెండు మూడు చెంచాలే తిని, 24 గంటలు ఆగండి
- మద్యం వద్దు. కోప్రినాప్సిస్ అనే ఇంక్ క్యాప్ తిన్నాక, రెండు మూడు రోజుల వరకూ మద్యం తాగితే గుండెదడ, వాంతులు వస్తాయి
- పిల్లలు, గర్భిణులు, బాగా పెద్దవాళ్లు, కిడ్నీ లేదా లివర్ జబ్బు ఉన్నవాళ్లు తినకూడదు
- ఇంట్లో అందరూ ఒకేసారి తినొద్దు

ఈ కొంచెం రుచి చూడటం మీ శరీరానికి ఆ జాతి పడుతుందో లేదో చూసుకోవడానికి మాత్రమే. విషమో కాదో తేల్చుకునే పరీక్ష కాదు. అమటాక్సిన్ విషయంలో కొంచెం కూడా ఎక్కువే.

## 11. నిల్వ

పచ్చివి కాగితం సంచిలో ఫ్రిజ్‌లో ఒకటి రెండు రోజులే. ఫ్రీజర్‌లో పెట్టాలంటే ముందు పూర్తిగా వండి పెట్టండి. ఎండబెట్టాలంటే సన్నగా తరిగి, వంచితే పుటుక్కున విరిగేదాకా ఆరబెట్టి గాలి చొరని సీసాలో వేయండి. వంగుతున్నాయంటే ఇంకా తేమ ఉంది, బూజు పడతాయి. తినేముందు వీటినీ పూర్తిగా వండాలి.

పుట్టగొడుగుల్ని నూనెలో ముంచి బయట నిల్వ పెట్టొద్దు, గాలి అందని చోట బొటులినమ్ అనే ప్రమాదకరమైన బ్యాక్టీరియా పెరుగుతుంది. ఎండిన వుడ్ ఇయర్‌ను (చెవి ఆకారంలో ఉండే పుట్టగొడుగు) రోజుల తరబడి నానబెట్టొద్దు. అలా నానినవాటిలో బ్యాక్టీరియా చేరి తయారుచేసే బాంగ్‌క్రెకిక్ ఆమ్లం ప్రాణాంతకం, ఉడికించినా పోదు. మెత్తబడగానే వండేయండి.

## 12. తిన్నాక తేడా చేస్తే

తిన్న రెండు మూడు గంటల్లోనే వాంతులైతే ఎక్కువగా కడుపుకే పరిమితమైన విషం కావచ్చు. ఆరు గంటలు దాటాక మొదలైతే అమటాక్సిన్ అనే అనుమానించాలి. కానీ రెండు రకాలు కలిపి తిని ఉంటే, త్వరగా వచ్చిన వాంతులు వెనకున్న రెండోదాన్ని దాచేస్తాయి. కాబట్టి ఎప్పుడు మొదలైనా ఆసుపత్రికే వెళ్లాలి. లక్షణాలు లేకపోయినా, తిన్నది తప్పని తెలిసిన క్షణమే బయలుదేరాలి.

వేళ్లు పెట్టి వాంతి చేయించడం, పాలు, నూనె, ఉప్పునీళ్లు పట్టించడం లాంటివి చేయొద్దు. వాటితో సమయం పోతుంది.

వెంట తీసుకెళ్లండి:

- ఫ్రిజ్‌లో దాచిన పచ్చి పుట్టగొడుగులు, స్పోర్ ప్రింట్, ఫొటోలు
- మిగిలిన కూర, ఏరి పారేసిన ముక్కలు
- తిన్న సమయం, మొదటి లక్షణం కనపడిన సమయం, ఎంత తిన్నారు అన్నది రాసిన కాగితం
- అదే వంట తిన్న ప్రతి ఒక్కరినీ, బాగానే ఉన్నామంటున్నవాళ్లతో సహా

డెత్ క్యాప్ విషంలో ఒక మోసపూరితమైన దశ ఉంటుంది. మొదటి రోజు వాంతులు, విరేచనాలు అయ్యాక మనిషి తేరుకున్నట్టు కనపడతాడు. లివర్ దెబ్బతినడం లోపల సాగుతూనే ఉంటుంది, రెండు నుంచి నాలుగు రోజుల్లో బయటపడుతుంది. వాంతులు తగ్గాయని ఇంటికి వెళ్లిపోవద్దు. "అడవి పుట్టగొడుగులు తిన్నాం, ఇన్ని గంటల తర్వాత మొదలైంది" అని డాక్టరుకు స్పష్టంగా చెప్పి, లివర్, కిడ్నీ రక్త పరీక్షలు ఒక్కసారి కాకుండా మళ్లీ మళ్లీ చేయమని అడగండి.